కల్యాణి డ్యాం నుంచి మొదలుపెట్టండి: రాష్ట్ర హోం శాఖకు ఒక బహిరంగ లేఖ

హోం శాఖ పెద్దలకు, డీజీపీ గారికి,

నమస్కారం. నేను ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా పోలీసు శాఖలో పనిచేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైనవాణ్ణి. అందులో ఎక్కువ కాలం స్టేషన్ రైటర్‌గా గడిచింది. జీడీ (స్టేషన్ రోజువారీ డైరీ) రాయడం, ఎఫ్‌ఐఆర్ కట్టడం, సీడీ (కేసు డైరీ) ఫైళ్లు సర్దడం, కోర్టుకు వెళ్లే కాగితాల్లో తేదీలు, సంతకాలు సరిచూడడం నా పని. ఆ కాగితాల పక్కన కూర్చుని చూసినదాన్ని బట్టి మీకు ఒక విన్నపం చేస్తున్నాను. పోలీసు పనిని ఒక వృత్తిగా గుర్తించండి. ఆ గుర్తింపును కానిస్టేబుల్ దగ్గర మొదలుపెట్టండి. అందుకు తిరుపతి పక్కన, చంద్రగిరి మండలంలో ఉన్న కల్యాణి డ్యాం పోలీస్ శిక్షణ కళాశాలకు మించిన చోటు నాకు కనబడడం లేదు.

తెల్లవారుజామున ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండుకు వెళ్లి చూడండి. పలమనేరు, పుంగనూరు, సత్యవేడు వైపు పల్లెల నుంచి వచ్చి, రూముల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్న పిల్లలు 1600 మీటర్ల పరుగు ప్రాక్టీసు చేస్తుంటారు. 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ వస్తే, తుది రాత పరీక్ష జరిగింది 2025 జూన్‌లో. అన్నాళ్లూ వాళ్లు పరుగెత్తుతూనే ఉన్నారు, బిట్లు బట్టీ పడుతూనే ఉన్నారు. అర్హత ఇంటర్ అయినా, డిగ్రీలు, బీటెక్‌లు, ఎంబీఏలు చేసినవాళ్లు వాళ్లలో ఎందరో. ఎవర్ని అడిగినా ‘గవర్నమెంటు ఉద్యోగం సార్’ అంటారు. అది ఏ పనో, దానికి ఎలాంటి తెలివి కావాలో ఆ పిల్లలకు ఎవరూ చెప్పలేదు. తప్పు వాళ్లది కాదు. ఆ పనిని ఒక విద్యగా మనం ఏనాడూ చూపించలేదు.

ఎంపికయ్యాక తొమ్మిది నెలల శిక్షణ ఉంటుంది. పొద్దున పీటీ, పరేడు, తర్వాత చట్టాల క్లాసులు, ఆయుధాలు, సాయంత్రం మళ్లీ గ్రౌండు. అక్కడ శ్రద్ధగా చెప్పే బోధకులు ఉన్నారు, వాళ్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ పాసింగ్ అవుట్ పరేడు ముగిసి స్టేషన్‌లో రిపోర్టు చేసిన రోజే సీనియర్లు ఆ కుర్రవాడికి ఒక మాట చెబుతారు: ‘ట్రైనింగులో చెప్పింది అక్కడే వదిలెయ్, ఇక్కడ పని వేరు.’ ఈ మాట వినని కానిస్టేబుల్ ఉంటాడని నేను అనుకోను. రుయా ఆసుపత్రిలో కొత్తగా చేరిన హౌస్ సర్జన్‌తో ఏ పెద్ద డాక్టరూ ‘కాలేజీలో చదివింది మర్చిపో’ అనడు. మనకు చదువు ఒక దారి, పని ఒక దారి అయిపోయాయి.

ఆ కుర్రవాడు చేసే పని ఎంత సున్నితమైనదో బయటివాళ్లకు తెలియదు, కొన్నిసార్లు పై అధికారులకూ గుర్తుండదు. రాత్రి రెండు గంటలకు ఫోన్ వస్తుంది, ఫలానా వీధిలో ఒక ఆవిడ ఉరి వేసుకుందని. ఎస్సై బందోబస్తులో ఉంటాడు, సీఐ ఇంకో ఊళ్లో ఉంటాడు. ముందుగా వెళ్లేది నైట్ బీట్ కానిస్టేబుల్. అప్పటికే ఇంటి నిండా చుట్టాలు. ఎవరో శవం మీద దుప్పటి కప్పుతుంటారు, ఎవరో మంచం పక్కన గ్లాసు తీసి కడగబోతుంటారు. తాడును కోయాల్సివస్తే ముడి చెదరకుండా, ముడికి దూరంగా కోయాలని ఆ కుర్రవాడికి తెలిసి ఉండాలి. తలుపుకు లోపల గడియ పెట్టి ఉందా, పగలగొట్టుకొని వచ్చారా అన్నది, చెప్పేవాళ్ల మాటలు మారకముందే అడిగి టైముతో సహా రాసుకోవాలి. ఏడుస్తున్న తల్లిని బయటికి పంపాలి, మనసు నొప్పించకుండా పంపాలి. ఫ్యాను తిరుగుతోందా, లైటు వెలుగుతోందా, సెల్‌ఫోన్ ఎక్కడుంది, దాన్ని ఎవరెవరు ముట్టుకున్నారు, ఇవన్నీ మొదటి పది నిమిషాల్లోనే చూసుకోవాలి. ఆ పది నిమిషాలు పోతే తర్వాత ఎంత పెద్ద ఆఫీసరు వచ్చినా వాటిని వెనక్కి తేలేడు. తెల్లారాక వచ్చి ఆధారాలు సేకరించే క్లూస్ టీముకు, పోస్టుమార్టం చేసే డాక్టరుకు, ఏళ్ల తర్వాత కోర్టులో అడ్డప్రశ్నలు వేసే వకీలుకు ఆ కుర్రవాడు కాపాడిందే మిగులుతుంది.

నాతో పనిచేసిన ఒక కానిస్టేబుల్ ఇలాగే ఒక ఇంటికి ముందుగా వెళ్లాడు. గుమ్మం పక్కన విప్పని పాల ప్యాకెట్లు పడి ఉన్నాయి. వాటి మీద అచ్చువేసిన తేదీలను తన పాకెట్ బుక్కులో రాసుకున్నాడు, ఎవరూ చెప్పకుండానే. చనిపోయిన మనిషి ఎప్పటిదాకా బతికి ఉందో భర్త చెప్పిన మాటకూ ఆ తేదీలకూ పొంతన కుదరలేదు. కేసు నిలబడింది. కానిస్టేబుల్‌కు చిన్న నగదు రివార్డు వచ్చింది. ఏం చూసి, ఏం ఆలోచించి ఆ తేదీలు రాసుకున్నావని అతన్ని శాఖలో ఎవరూ అడగలేదు, ఎక్కడా రాయలేదు, తర్వాతి బ్యాచ్‌కు చెప్పలేదు. అతను రిటైరయ్యాడు, ఆ తెలివీ అతనితో ఇంటికి వెళ్లిపోయింది. మీకు నేను చెప్పదలచుకున్నదంతా ఇందులో ఉంది. పనిలో పుట్టిన తెలివి కాగితం మీదికి రావాలి, పాఠం కావాలి, దాన్ని నేర్చినవాడికి పరీక్ష ఉండాలి, నెగ్గినవాడికి విలువ ఉండాలి. వైద్యమైనా, వకాల్తా అయినా ఇలాగే వృత్తులయ్యాయి.

కొత్త చట్టాలు వచ్చాక ఈ అవసరం ఇంకా పెరిగింది. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లో ఉంది. దాని 105వ సెక్షన్ ప్రకారం సోదాను, వస్తువుల స్వాధీనాన్ని వీడియో తీయాలి. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు స్థలానికి రావాలని 176వ సెక్షన్ చెబుతోంది. డిజిటల్ సాక్ష్యానికి హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే గుర్తుతో) కూడిన సర్టిఫికెట్ జతచేయాలని, పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ అడుగుతోంది. ఢిల్లీలో రాసిన ఈ మాటలు చివరికి వచ్చి ఆగేది కానిస్టేబుల్ చేతిలోని ఫోన్ దగ్గరే. వీడియో ఎక్కడ మొదలుపెట్టాలి, మధ్యలో ఆపితే ఏమవుతుంది, పంచులు (సోదాకు సాక్షులుగా పిలిచినవాళ్లు) ఫ్రేములో ఉండాలా, ఫోన్‌లో చార్జింగ్ అయిపోతే ఏం చేయాలి, ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి. ముద్దాయి వకీలుకు మాత్రం అవి చిన్నవి కావు. ఉన్న సిబ్బందికి కొద్ది రోజుల ఓరియంటేషన్ పెట్టి ఇంత పని వచ్చేసిందని అనుకుంటే పొరపాటు.

తిరుపతి పోలీసుకు ఉన్న ఇంకో విద్య గురించి చెప్పకుండా ఉండలేను. అది జనాన్ని నడిపించే విద్య. గరుడసేవ నాడు తిరుమల మాడవీధుల గ్యాలరీలు లక్షల మందితో నిండుతాయి. మేలో గంగ జాతర, శివరాత్రికి శ్రీకాళహస్తి, వినాయక చవితికి కాణిపాకం. ఏడాది పొడుగునా ఇంత జనాన్ని చూసే పోలీసులు దేశంలో ఎక్కువమంది ఉండరు. మా పాత హెడ్‌లకు గుంపు నాడి తెలుసు. తోపులాట ముందు వరసలో మొదలవదని, ముందువాళ్లు కదల్లేకపోతున్న సంగతి తెలియని వెనకవాళ్ల దగ్గర మొదలవుతుందని తెలుసు. తల్లిదండ్రులు పిల్లల్ని ఒక్కసారిగా భుజాలకెత్తుకోవడం మొదలుపెడితే లోపల ఒత్తిడి పెరిగిందని అర్థం. మాటల సందడి తగ్గి విడివిడి కేకలు వినబడితే ఇంకా జాగ్రత్త. గేటు తీసేముందు అవతల ఎంతమంది పడతారో చూడాలి, ఒకసారి తీసిన గేటును జనం మీదికి మూయకూడదు, ఎదురెదురు వరుసలు ఒకే సందులో కలవకూడదు. చదరపు మీటరుకు అయిదారుగురు దాటితే మనిషి తన కాళ్ల మీద తనకు పట్టు కోల్పోతాడని, అక్కడి నుంచి గుంపు నీళ్లలాగా ఊగుతుందని ప్రపంచంలో ఈ విషయం మీద పనిచేసిన శాస్త్రవేత్తలు లెక్కకట్టి చెప్పారు. మా హెడ్‌లు అదే విషయాన్ని లెక్క లేకుండా చెప్పేవారు. రెండూ ఒకే క్లాసులో కూర్చోవాలి.

2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతికి వచ్చిన భక్తుల్లో ఆరుగురు తొక్కిసలాటలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. దేవుణ్ణి చూద్దామని వచ్చి క్యూలో చనిపోయారు. ఆ తర్వాత బదిలీలు జరిగాయి, సస్పెన్షన్లు జరిగాయి, న్యాయ విచారణ వేశారు. ఎవరి బాధ్యత ఎంతో తేల్చవలసింది విచారించినవాళ్లు, నేను ఆ జోలికి పోను. కానీ ఆ రాత్రి జరిగింది నిమిషాల వారీగా, ఏ గేటు ఎప్పుడు ఎందుకు తెరుచుకుంది, జనం ఎటు నుంచి ఎటు కదిలారు అని మ్యాపుతో సహా రాసి, శిక్షణలో ఉన్న ప్రతి కానిస్టేబుల్ చేతా చదివించాలి. బదిలీతో ఒక అధికారి మారతాడు. వచ్చే ఏడాది అదే గేటు దగ్గర నిలబడే కానిస్టేబుల్‌కు ఆ బదిలీ ఏమీ నేర్పదు.

మన పోలీసు వ్యవస్థకు పునాది ఎలా పడిందో కూడా గుర్తుచేసుకోవాలి. అప్పట్లో చిత్తూరు మద్రాసు ప్రెసిడెన్సీలోని ఉత్తర ఆర్కాటు జిల్లా కేంద్రం. 1857 తిరుగుబాటు తర్వాత, 1861 పోలీసు చట్టం ఇంకా రాకముందే, మద్రాసుకు 1859లో 24వ చట్టంగా జిల్లా పోలీసు చట్టం చేశారు. కోస్తా, రాయలసీమ జిల్లాల్లో సవరణలతో ఇప్పటికీ అదే నడుస్తోంది. దాన్ని రాసినవాళ్లకు కావలసింది చెప్పింది చేసే మనిషి. ఆలోచించే కానిస్టేబుల్ వాళ్లకు అవసరం లేదు, అలాంటివాడంటే భయం కూడా. 1902లో వేసిన ఫ్రేజర్ కమిషన్ దేశమంతా తిరిగి, పోలీసులకు శిక్షణ సరిగా లేదని, పర్యవేక్షణ చాలదని, జనం వాళ్లను అవినీతిపరులుగా, పీడించేవాళ్లుగా చూస్తున్నారని మొహమాటం లేకుండా రాసింది. ఆ తర్వాత శిక్షణ బడులు వచ్చాయి, ఎస్సైలను నేరుగా తీసుకోవడం వచ్చింది. అట్టడుగున ఉన్న కానిస్టేబుల్ మాత్రం లాఠీ పట్టుకుని నిలబడేవాడిగానే మిగిలాడు.

అప్పట్లో దర్యాప్తు విద్య మనకు దూరంగా ఏమీ లేదు. వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో పెట్టారు. ఆ ముద్రలను వర్గాలుగా విడగొట్టి వెతికే పద్ధతికి లెక్క కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే మనవాళ్లు, ఇద్దరూ పోలీసు శాఖలో పనిచేసినవాళ్లే. ఆస్ట్రియాలో హాన్స్ గ్రాస్ అనే మేజిస్ట్రేటు 1893లో దర్యాప్తు మీద రాసిన పెద్ద గ్రంథానికి ఇంగ్లీషు అనువాదం 1906లో మద్రాసులో అచ్చయింది. అనువదించినవాళ్లు మద్రాసులో పనిచేసే ప్రాసిక్యూటర్లు. అడుగుజాడల అచ్చు తీయడం, రక్తపు మరకను భద్రం చేయడం లాంటివి అందులో ఉన్నాయి. చిత్తూరు నుంచి అప్పట్లో మద్రాసు ఒక రోజు ప్రయాణం కూడా కాదు. అంత దగ్గరలో అచ్చయిన చదువు ఇంగ్లీషు తెలిసిన అధికారుల బీరువాల్లో ఉండిపోయింది, శవం దగ్గరికి ముందుగా వెళ్లే మనిషి దాకా రాలేదు.

వేరే చోట్ల అది కింది దాకా వెళ్లింది. అమెరికాలో బర్కిలీ అనే ఊరికి 1905లో ఆగస్ట్ వోల్మర్ అనే ఆయన పోలీసు పెద్ద అయ్యాడు. అంతకుముందు ఆయన పోస్ట్‌మ్యాన్, పెద్దగా చదువుకున్నవాడు కాదు. 1908లోనే తన సిబ్బంది కోసం బడి పెట్టి, పక్కనున్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్లతో పాఠాలు చెప్పించాడు. కొట్టి ఒప్పించడం చేతకానితనమని నమ్మాడు. కొన్నేళ్లకు ఆ విశ్వవిద్యాలయంలోనే నేరశాస్త్రం కోర్సులు మొదలయ్యాయి. ఆ దారిలో నడిచిన తర్వాతి తరం పోలీసులు కార్లెక్కి వీధికి దూరమయ్యారన్న విమర్శ కూడా ఉంది, అది నిజమే. మనం అలా కానక్కర్లేదు. తిరుపతిలో కొర్లగుంటలో ఏ సందు ఎటు తేలుతుందో, జీవకోనలో ఏ ఇంటి గొడవ ఎప్పటి నుంచి నడుస్తోందో తెలిసిన బీట్ కానిస్టేబుల్ మనకు ఇంకా ఉన్నాడు. ఆ తెలివిని కూడా సిలబస్‌లో పెడితే సరిపోతుంది. నార్వేలో ఈ రోజు పోలీసు కావాలంటే మూడేళ్ల డిగ్రీ చదవాలి, అందులో కొంత కాలం స్టేషన్లలో పనిచేస్తూ నేర్చుకుంటారు.

ఇక నమ్మకం సంగతి. పోలీసు అధికారి ముందు నిందితుడు చేసిన ఒప్పుకోలును కోర్టులో రుజువుగా పెట్టకూడదని 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. నూటయాభై ఏళ్ల తర్వాత వచ్చిన సాక్ష్య అధినియంలోనూ అదే మాట 23వ సెక్షన్‌గా నిలబడింది. తెల్లవాళ్లు వెళ్లిపోయారు, రాజ్యాంగం వచ్చింది, చట్టాల పేర్లు కూడా మారాయి, పోలీసు ముందు చెప్పిన మాట మీద మాత్రం అపనమ్మకం అలాగే ఉంది. ఆ సెక్షన్ తీసేయమని నేను అడగడం లేదు. స్టేషన్లలో చెయ్యి చేసుకోవడం పూర్తిగా ఆగేదాకా అది ఉండి తీరాలి. 1996లో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టు చేసేవాళ్లు పేరు కనబడేలా పెట్టుకోవాలని, బంధువుకు కబురు చెప్పాలని, మెమో మీద సాక్షి సంతకం ఉండాలని చెప్పవలసి వచ్చిందంటే, మనంతట మనం ఆ పద్ధతులు పెట్టుకోలేదు కాబట్టే. ఒక వృత్తిలో ఉన్నవాళ్లు తమ కట్టుబాట్లు తామే రాసుకుని, తప్పినవాణ్ణి తామే బయట నిలబెడతారు. 1985లో కేంద్ర హోం శాఖ పోలీసులకు ప్రవర్తనా నియమావళి పంపింది. దాన్ని చదివిన కానిస్టేబుళ్లు నా సర్వీసులో నాకు తారసపడలేదు.

జవాబుదారీ అంటే మాకు భయమని కొందరు అనుకుంటారు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఎర్రచందనం దొంగలన్న పేరుతో పోలీసులు జరిపిన కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది చనిపోయారు. ఇలాంటి సంఘటన జరిగినప్పుడు శాఖకు బయట, ఎవరి చేతి కిందా లేని సంస్థ ఒకటి అన్నీ పరిశీలించి తేల్చితే అది చనిపోయినవాళ్ల కుటుంబాలకూ న్యాయం, ఆ రోజు డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్‌కూ న్యాయం. రాష్ట్రంలో, జిల్లాలో పోలీసు ఫిర్యాదుల అథారిటీలు ఉండాలని సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న పోలీసు సంస్కరణల మీద నడిచిన ప్రకాశ్ సింగ్ కేసులో చెప్పింది ఇందుకే. దాంతోపాటు కింది ఉద్యోగికి ఒక హక్కు కావాలి. చట్టానికి విరుద్ధమైన పని చెప్పినప్పుడు ‘రాతపూర్వకంగా ఇవ్వండి సార్’ అని అడిగే హక్కు, అడిగినందుకు వీఆర్‌కు (పోస్టింగ్ లేకుండా పక్కన కూర్చోబెట్టే వేకెన్సీ రిజర్వుకు) పంపకుండా కాపాడే నియమం. ఇప్పుడు అలా అడిగినవాడికి చార్జ్ మెమో వస్తుంది, లేకపోతే ఇంటికి వంద కిలోమీటర్ల దూరంలో డ్యూటీ పడుతుంది. కాదనే హక్కు లేని పనివాడు వృత్తిపరుడు ఎలా అవుతాడు?

ఏ స్టేషన్‌కైనా వెళ్లండి. ఎస్సై గదిలో గోడ మీద ఒక బోర్డు ఉంటుంది, ఇప్పటిదాకా అక్కడ పనిచేసిన ఎస్సైల పేర్లు, వచ్చిన తేదీ, పోయిన తేదీ. మీ తనిఖీల్లో పేర్లు వదిలేసి ఆ తేదీలు చదవండి. స్టేషన్ ఇన్‌చార్జికి కనీసం రెండేళ్లు ఉండాలని ఇదే ప్రకాశ్ సింగ్ తీర్పు చెప్పింది. దర్యాప్తునూ శాంతిభద్రతలనూ వేరు చేయాలని కూడా అందులోనే ఉంది. ఎమ్మెల్యే గారి లెటరు మీద ఎస్సై మారే చోట, పొద్దున హత్య కేసు సాక్షిని పిలిపించిన ఎస్సై మధ్యాహ్నానికి వీఐపీ కాన్వాయ్‌లో ఉండే చోట, దర్యాప్తు అంతా రైటర్ కలం మీద నడుస్తుంది. అలా నడిచిన కేసుల్లో ఫైలు నేనూ పట్టుకున్నాను. నిందితులు బయటికి వెళ్తుంటే కోర్టు వరండాలో చనిపోయినవాళ్ల అమ్మానాన్నల ముఖం చూడడం చాలా కష్టం.

పని గంటల గురించి మీకు కొత్తగా చెప్పేది లేదు. 2014లో పోలీసు పరిశోధన, అభివృద్ధి బ్యూరో కోసం చేసిన అధ్యయనంలో, దేశంలో స్టేషన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకు ఎనిమిది గంటలకు మించి పనిచేస్తున్నారని తేలింది. 2019 జూన్‌లో మన రాష్ట్రంలో వీక్లీ ఆఫ్ ప్రకటించినప్పుడు మా ఇళ్లలో పండగ చేసుకున్నారు. బందోబస్తు వచ్చిందంటే ముందు పోయేది ఆ సెలవే. బ్రహ్మోత్సవాలకు వేరే జిల్లాల నుంచి వచ్చినవాళ్లు స్కూలు వరండాల్లో, కల్యాణ మండపాల్లో చాపల మీద పడుకుని మర్నాడు పాయింటులో నిలబడతారు. ఆడపిల్లలు బాత్‌రూమ్ లేదని నీళ్లు తాగడం మానేస్తారు. టీఏ బిల్లులు, సరెండర్ లీవుల (వాడుకోని సెలవుల) డబ్బులు ఎప్పుడొస్తాయో తెలియదు. నిద్ర లేని మనిషికి తీరుగా ఆలోచించడం రాదు, ఓపిక కూడా ఉండదు. దాని దెబ్బ స్టేషన్‌కు వచ్చిన పేదవాడి మీద పడుతుంది.

అందుకే కల్యాణి డ్యాం గురించి అడుగుతున్నాను. అక్కడి నుంచి బయల్దేరితే కాసేపట్లో ఎస్వీ యూనివర్సిటీ వస్తుంది, అందులో న్యాయశాస్త్రం, మానసిక శాస్త్రం చెప్పేవాళ్లు ఉన్నారు. ఎస్వీ మెడికల్ కాలేజీలో ఫోరెన్సిక్ మెడిసిన్ విభాగం ఉంది. తిరుపతిలోనే ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది. ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చే విషయంలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం సాయం తీసుకోవచ్చు. జనం, అడవి, హైవే, రెండు రాష్ట్రాల సరిహద్దులు, అన్నీ మా ఉమ్మడి జిల్లాలో ఉన్నాయి. వోల్మర్‌కు ఒక్క యూనివర్సిటీయే పక్కన ఉంది. మనకు ఇన్ని ఉన్నాయి, ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదంతే.

తొమ్మిది నెలల్ని ఒక్కసారిగా మూడేళ్లు చేయమంటే ఖాళీలు ఎలా నింపాలని మీరు అడుగుతారు. సరైన ప్రశ్నే. తొమ్మిది నెలలూ కాలేజీలో ఉండనివ్వండి, ఆ తర్వాత రెండేళ్లు స్టేషన్‌లో పనిచేస్తూనే నేర్చుకునే కాలంగా పెట్టండి. ప్రతి కొత్త కానిస్టేబుల్‌నూ ఒక అనుభవజ్ఞుడైన హెడ్‌కు అప్పగించండి, ఆ హెడ్‌కు నేర్పడం కూడా డ్యూటీగా లెక్కించండి, దానికి అలవెన్సు ఇవ్వండి. ఆ రెండేళ్లలో ఘటనాస్థలం, వీడియో, వాంగ్మూలం, జనం, కుటుంబ గొడవలు, ఇలా ఒక్కో విషయంలో చేసిన పనిని రికార్డు పుస్తకంలో రాయించి, కల్యాణి డ్యాంకు పిలిపించి పరీక్ష పెట్టండి. యూనివర్సిటీ దానికి డిప్లొమా ఇవ్వాలి, చదవాలనుకునేవాళ్లకు దాని మీద డిగ్రీ దారి తెరవాలి. దర్యాప్తు విభాగంలోకి, హెడ్ ప్రమోషన్‌లోకి తీసుకునేటప్పుడు సీనియారిటీతోపాటు దాన్నీ చూడండి. ఇప్పుడు బీటెక్ చదివి వచ్చిన కుర్రవాడు గేటు దగ్గర సెంట్రీగా ఏళ్లకేళ్లు నిలబడి, తను చదివింది మరిచిపోతున్నాడు. అతనికి ఎదిగే మెట్లు కనబడాలి.

పాఠాలు తెలుగులో ఉండాలి. ఇది గట్టిగా చెబుతున్నాను. సాక్షి మన తెలుగులో చెబుతాడు, సత్యవేడు, నగరి వైపు అరవంలో చెబుతాడు, పలమనేరు దాటితే కన్నడం కలుస్తుంది. విన్నది విన్నట్టు రాయడం నేర్పకుండా, ‘ముద్దాయి నన్ను దుర్భాషలాడి, చంపుతానని బెదిరించెను’ అనే ఒకే వాక్యం అందరి నోటా పెట్టి పంపితే, జడ్జి గారికి ఆ కాగితం మీద నమ్మకం ఎలా కలుగుతుంది?

వీటిలో చాలావాటికి అసెంబ్లీ అక్కర్లేదు, మీ ఉత్తర్వు చాలు. 1859 చట్టం స్థానంలో కొత్త పోలీసు చట్టం తేవడం మాత్రం అసెంబ్లీ పనే. దాని ముసాయిదా రాసే కమిటీలో ఒక్క కుర్చీ అయినా కానిస్టేబుల్‌కు వేయండి, అతని మాట మినిట్స్‌లో రాయించండి.

ఈలోపు కల్యాణి డ్యాంకు వచ్చే తర్వాతి బ్యాచ్‌తో ఒక పని మొదలుపెట్టవచ్చు. బందోబస్తు పాఠం, ఘటనాస్థలం పాఠం, వాంగ్మూలం పాఠం తయారుచేయడానికి రిటైరైన హెడ్ కానిస్టేబుళ్లను, ఏఎస్సైలను పిలవండి. వాళ్లు చెబుతుంటే యూనివర్సిటీ వాళ్లు రాసుకోనివ్వండి, తప్పులుంటే ల్యాబ్ వాళ్లు దిద్దనివ్వండి. చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి, మదనపల్లె, తిరుపతిలో అలాంటివాళ్లు నాకు తెలుసు. పారితోషికం అడగరు. మీ దగ్గర నుంచి ఒక ఉత్తరం వస్తే, ఎవరు ఏ విషయం చెప్పగలరో జాబితా రాసుకుని నేనే జిల్లా పోలీసు కార్యాలయానికి తెచ్చి ఇస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత హెడ్ కానిస్టేబుల్,
తిరుపతి